కిటికీలు మూయకండి

ఏమండీ,

వంట చేసి మూత పెట్టాను, తినండి. చిన్నదాన్ని టీబీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కంగారుపడకండి, దానికేం రాలేదు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతా పిల్లలకీ పరీక్ష చేయించాలంది నర్సమ్మ.

పెద్దాడు లేవగానే మాత్రలు మీ కళ్లెదుటే మింగించండి. దగ్గు తగ్గిందిగా, ఇక చాలంటాడు. వినకండి. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందట.

దగ్గు పక్కింటికి వినబడుతుందని మీరు మూసిన కిటికీలన్నీ తెరిచేశాను. మళ్లీ మూశారో, ఊరుకోను. ఆ జబ్బు అంటుకునేది మూసిన గదిలో నిలిచిపోయిన గాలివల్లే. మీ అక్కయ్య వాడికి వేరుగా పెట్టిన కంచం, గ్లాసు మన గిన్నెల్లో కలిపేశాను. కంచంవల్ల రాదు. అడిగితే నా పేరే చెప్పండి.

తుమ్మినా ఆసుపత్రే అంటానని ఇన్నాళ్లూ ఏడిపించారు. వాడు చిక్కిపోతున్నాడు, రాత్రుళ్లు చెమటకి పక్క తడిసిపోతోంది అంటే, "నీకన్నీ అనుమానాలే" అన్నారు. నేను భయపడబట్టే జబ్బు బయటపడింది. ఇకమీదట ఇంకా భయపడతాను, ఏం చేసుకుంటారో చేసుకోండి.

పరువు పోయిందని మీరు గోల చేసేలోగా నేనే చెబుతున్నాను. పక్కింటావిడకి గుమ్మంలో నిలబడి చెప్పేశాను, "మావాడికి టీబీ, మందులు వాడుతున్నాం" అని. తలుపేసుకుంటుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాళ్లాయనా ఎన్నాళ్లనుంచో దగ్గుతున్నాడట, మనకి వినబడకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుంటున్నాడట. ఆయన చొక్కా వేసుకుంటున్నాడు, ఇద్దరూ మాతోనే వస్తున్నారు.