లక్ష్మీరాజం సారుకు తగిలిన దెబ్బలు

మేడిపల్లి

చిరంజీవి బిడ్డ శ్రీలతకు అవ్వ దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం, నువ్వు మంచిగున్నవని తలుస్తున్న. మొదటి మాట అబద్ధమే గని, ఉత్తరమంటే గట్లనే మొదలువెట్టాలె గద.

ఫోన్ల చెప్తే నువ్వు ఏడుస్తవు, నేను తిడ్త. గందుకే రాస్తున్న. సౌత్ సూడాన్ పోయేటోళ్లకని హైదరాబాదుల సూదులు ఏసిండ్రని, చెయ్యి వాసిందని రాసినవు. నర్సువైతే ఏంది, ఉప్పు కాపడం పెట్టు. గక్కడ తీరు తీరు మనుషులు, ఊరికో భాషనట, నేర్పుతున్నరన్నవు. నేర్చుకో. "మా సారు నన్ను పంపుతరా అని మిమ్ముల అడగనీకి అచ్చిండా?" అన్నవు.

అచ్చిండు బిడ్డా. కోరుట్ల బస్సుల అచ్చిండు. నిన్ను పంపే సేవా సంస్థ లక్ష్మీరాజం సారు నెమ్మదిగల్ల మనిషి. గా దేశం పుట్టి పది పదిహేనేండ్లే అయితున్నదట, దవాఖానలల్ల నర్సులు లేరట, నువ్వు సేవకు పోతున్నవట. జీతమెంతని మీ బాపు అడిగిండు. జీతముండదు, తిండి పెడ్తమన్నడు సారు. నీ పాస్‌పోర్టు ఏదని బాపు అడిగితె, మా ఆఫీసుల ఉన్నదన్నడు.

మీ బాపును దుబాయిల ఏజెంటు ముంచిన సంగతి నీకెరికే. పాస్‌పోర్టు గుంజుకొని ఎడారిల ఒంటెల కాడ ఇడ్సిపెట్టిండు. మీ బాపు మొఖం నల్లగైంది. గప్పుడే "ఏజెంటు, ఏజెంటు" అని ఒర్రుడు ఇనవడ్డది. బాపు తాటిచెట్లెక్కే మోకుతాడు తీసి సారు మొఖం మీద కొట్టిండు. వాడకట్టంత కట్టెలు వట్టుకొని ఉరికచ్చిండ్రు. ఏజెంటు ముంచని ఇల్లు మన ఊళ్లె ఏదున్నది? కింద పడ్డంక గూడ తన్నిండ్రు. చెయ్యి ఇరిగిన సప్పుడు నాకు ఇనవడ్డది. నోటినిండ నెత్తురు. "శ్రీలతను అడుగున్రి" అనుకుంటనే ఉన్నడు.

బాపు ఠాణల ఉన్నడు. బిడ్డను కాపాడుకున్ననని పోలీసోళ్లకు గర్వంగ చెప్తున్నడట.

ఒర్రింది నేనే బిడ్డా. గాయిన ఏజెంటు కాదని నాకు తెలుసు, నువ్వు ముందుగాలనే చెప్పినవు. గక్కడ తుపాకులు పేలుతున్నయని టీవీల చూసిన కాంచి నాకు నిద్ర లేదు. నిన్ను ఆపనీకి ఇంకో మాట దొరకలే. మంది కొడుతుంటె గడపల నిలవడి చూసిన. ఇంకో దెబ్బ పడితె నువ్వు పోవు అనుకున్న.

రేపు ఠాణకు పోయి ఒర్రింది నేనేనని చెప్త. నువ్వు గా దేశం పో. మనసుతోని పొమ్మంటలేను, వద్దనే మొఖం నాకు లేదు. శ్రీలత అడిగితె కేసు వాపస్ తీసుకుంటనని జగిత్యాల దవాఖాన నుంచి సారు కబురు పంపిండు. మీ బాపు కోసం అడుగు. నా కోసం అడగకు.

ఇట్లు,
నిన్ను కన్న అవ్వ
మొగిలవ్వ