లాంచీలో ఒడిబియ్యం

మే 9, 2024. నల్గొండ

ఇది రాయకుండా పడుకుందామనే అనుకున్నాను. రాయకపోతే కొంపలేం మునగవు. మునగాల్సినవి ఎప్పుడో మునిగాయి. కానీ పొద్దున అండాలు చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ, గా లాంచీ నడిమిట్ల నేను దిగుత అంది. నది మధ్యలో దిగుతానన్న పెళ్లాం గురించి ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి. రేపు పోలీసులు అడిగితే ఉంటుంది.

సంగతేమిటంటే, మా పెళ్లయి యాభై ఏళ్లు నిండాయని బిడ్డ స్వర్ణ టికెట్లు కొన్నది. సోమశిల నుంచి శ్రీశైలం దాకా కృష్ణ మీద రెండు రోజుల టూరు. లాంచీ అంటే ఒప్పుకోదు, మోటార్ యాట్ అనాలట. ఏసీ గదులు, మేడ మీద కుర్చీలు. నేను సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ, బజ్జీల పొట్లాలు విప్పి చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నా చదువులో సగం చోట్ల నూనె మరకే ఉంటుంది. ఆ మరకల్లో యాట్ అనే మాట ఎప్పుడూ తగల్లేదు. నాకది లాంచీయే.

మే 10

అండాలు పుట్టిల్లు చెలిమపాడు. శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయింది. అప్పటినుంచి ఆమెకు ఒడిబియ్యం లేవు. తండ్రి పోయాడు. తమ్ముడు కాటమయ్య హుజూర్‌నగర్‌లో కిరాయి ఇళ్లలోనే బతికాడు. కిరాయి గడపల పోస్తె అక్కకు నేనేమిచ్చినట్టు బావా అంటాడు. రోషం ఉన్న మనిషి.

మా వాడకట్టు ఆడవాళ్లు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటికి పోతారు, కొంగు నిండా పసుపు బియ్యం తెచ్చుకుంటారు, వండి అందరినీ పిలుస్తారు. అండాలు నలభై ఏళ్లుగా అందరిళ్లలో ఆ అన్నం తిని వస్తున్నది. ఒక్కసారీ తిరిగి పెట్టలేదు.

ఈ ఎండలకు నీళ్లు తగ్గి చెలిమపాడు తేలిందట. అండాలు తమ్ముడికి ఫోన్ చేసి, బియ్యం నువ్వు తే, జాగ నేను చూపిస్త అని పెట్టేసింది.

మే 14

కాటమయ్య వస్తాడట, లాంచీకి టికెట్ కూడా కొన్నాడట. సన్నబియ్యం, ఎండుకొబ్బరి, రవికగుడ్డ కొన్నాడు. లాంచీ వాళ్లకు మేమేమీ చెప్పలేదు. అడిగితే వద్దంటారు, అడగకపోతే ఆ కష్టం కూడా వాళ్లకుండదు.

మే 16. సోమశిల, పొద్దున

అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగారు. సుహాసిని అనే పిల్ల మైకు పట్టుకొని చెప్తున్నది. డ్యాం కట్టినప్పుడు రాజుల కాలం గుళ్లను రాయి రాయి విప్పి, నంబర్లేసి, గట్టు మీదికి తెచ్చి మళ్లీ పేర్చారట. మంచిదే. మనుషుల ఇళ్లకు నంబర్లు దొరకలేదు కాబోలు.

అదే రోజు, సాయంత్రం

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనాలకు ముందు, ఎడమ ఒడ్డున బురదలోంచి గోడలు కనబడ్డాయి. కాటమయ్య లేచి నిలబడ్డాడు. అండాలు పోయి, దిగే బల్ల దగ్గర చతికిలబడింది. ఆపుండ్రి, మా ఊరొచ్చింది అంది. బస్సులో అన్నట్టే.

సుహాసిని ఉరికి వచ్చింది. ఇక్కడ ఆపడానికి పర్మిషన్ లేదమ్మా, అసలిక్కడ ఊరే లేదు అంది. ఆ రెండో మాట అనకపోతే నేను ఊరుకునేవాణ్ణేమో. మైకు నా చేతిలోకి వచ్చింది. ఆమె ఇచ్చిందా, నేను గుంజుకున్నానా అన్నది తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పేశాను. జన్మలో అంత తక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు.

తిరుమలగిరి నుంచి వచ్చిన నాగరాణి అనే ఆమె లేచింది. ఏం పిల్లా, ఆడిబిడ్డను పుట్టింటి ముంగట నుంచి ఒట్టి కొంగుతోని తోల్కపోతవా, మీ అమ్మకు పోయలేదా ఒడిబియ్యం అని సుహాసినిని నిలదీసింది. ఆడవాళ్లంతా ఆ పక్కకే వచ్చారు. లాంచీ కూడా ఆ పక్కకే ఒరిగింది. నడిపేవాడు ఒడ్డుకు తిప్పాడు. సుహాసిని గెలిచింది ఒక్కటే: జాకెట్లు విప్పొద్దు.

కాటమయ్య ఒక ఒండ్రు దిబ్బ దగ్గర ఆగి, గిదే అక్కా మనిల్లు అన్నాడు. అక్కడ ఏమీ లేదు. మట్టి గోడలు, మొదటి ఏడే కరిగి ఉంటాయి. అండాలు ఆగలేదు. పైన రాతి మెట్లున్న ఇంటి వైపు నడిచింది. అది పటేల్ ఇల్లు. అండాలు వాళ్ల నాయిన బతుకంతా జీతం చేసిన ఇల్లు. కప్పు లేదు, తలుపుల్లేవు, గడప రాయికి నత్తలు అంటుకున్నాయి.

కాటమయ్య మెట్ల కిందే ఆగిపోయాడు. వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. తనకు తెలియకుండానే. ఆ ఇంటి ముందు వీళ్లవాళ్లెవరూ చెప్పులతో నడవకూడదు. లోపలికి పోవడం అసలే లేదు.

ఎవని కోసం ఇడిసినవురా, చేపల కోసమా అంది అండాలు.

పటేల్ గడపక్కా అన్నాడు, గొంతు తగ్గించి.

గీ రాళ్లు మోసింది నాయిననే గద అంది. తొడుక్కో. తొడుక్కొని ఎక్కు. లోపలికొచ్చినంక మనింట్ల ఇడిసినట్టు ఇడువు.

కాటమయ్య చెప్పులు కింద పెట్టాడు. లాంచీ హారన్ కొట్టారు. నేను నోరు తెరవబోతే అండాలు ఒక చూపు చూసింది, మూసుకున్నాను. మొదటిసారి కాలు చెప్పులోకి పోలేదు. రెండోసారి పోయింది. ఎక్కాడు. లోపల గోడ పక్కన విడిచాడు.

నాగరాణి బొట్టు పెట్టింది. నారింజ జాకెట్ మీద నుంచి అండాలు కొంగు పట్టింది, తమ్ముడు దోసిళ్లతో పోశాడు. పుట్టింటికి ఐదు పిడికిళ్లు వదిలి రావాలి. ఆ గడప మీదే వదిలింది.

లాంచీ ఎక్కాక చూస్తే కాటమయ్య ఒట్టి కాళ్లతో ఉన్నాడు. మరిచిపోయిన బావా అన్నాడు. మే నెల మిట్టమధ్యాహ్నం, రాళ్ల మీద నడిచి వచ్చిన మనిషి.

మే 17. శ్రీశైలం

దర్శనమైంది. కాటమయ్య కొత్త చెప్పులు కొన్నాడు. కరుస్తున్నాయట.

మే 20. నల్గొండ

ఒడిబియ్యం వండింది. వాడకట్టంతా వచ్చారు. అండాలు కూర్చోలేదు, తినలేదు, వడ్డిస్తూనే ఉంది. కడుపు నిండిందన్నవాళ్లకు కూడా. యాట్ వాళ్లు స్వర్ణకు ఫోన్ చేసి, మీ అమ్మానాన్నలను ఇంకెప్పుడూ ఎక్కించుకోం అని చెప్పారట. మాకూ ఇంకెక్కే పని లేదని చెప్పమన్నాను.

జూలై 30

శ్రీశైలం డ్యాం నిండి గేట్లు ఎత్తారని టీవీలో చెప్పారు. సాయంత్రం కాటమయ్య ఫోన్ చేసి, నా చెప్పులు మునిగినయి బావా అన్నాడు. అవునన్నాను.