రత్నమ్మ కలిపిన మొదటి సీసా

బత్తలపల్లె, సోమవారం, 1965

ఈ రోజు మా తమ్ముడి కూతురు రత్నమ్మ ఆసుపత్రిలో తానొక్కతే మందు కలిపింది! రంగూన్‌లో నేర్చిన మందుల చదువు ఈ దేశంలో చెల్లాలంటే, ఈడ కొన్నాళ్లు కాంపౌండరు కింద పనిచేసి పరీక్షకు కూర్చోవాలంట. ఆయన సరేనంటేనే పరీక్ష.

అది మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడితే, మందు పోయించుకోను ఇంటి నుంచి తెచ్చిన సీసా ఒక్కరూ చాపలేదు. "బర్మా మందు మాకొద్దప్పా" అన్నాడు వరసలో ముందున్న ఓబులేసు. కాంపౌండరు మొహం చూస్తే, దాన్ని మళ్లీ సీసాలు కడగడానికే పంపేటట్టున్నాడు. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మందు ముట్టని నేను అందర్నీ తోసుకొని పోయి, నా దగ్గుకు మందడిగినాను. అది మోతాదు తెలిసేటట్టు గాట్లు కోసిన కాగితం సీసాకు అంటించి ఇచ్చి, "పూటకొక గాటు తాగు పెద్దనాయనా" అంది. అందరి ముందరే తాగినాను.

"ఎట్లుండాదన్నా?" అన్నాడు ఓబులేసు.

"వేపాకు కంటే చేదు. మందంటే అట్లే ఉండల్ల. నీ సీసా ఇయ్యి."

వరస కదిలింది. "రేపు కూడా నువ్వే కలుపమ్మా" అన్నాడు కాంపౌండరు!

దగ్గు మాత్రం తగ్గలేదు. రేపు అందరూ నన్నే చూస్తారు. ఆ కిటికీ ముందు దగ్గకుండా ఎట్లా నిలబడాలో...