ఇద్దరికి ఒక గేటు

లండన్, 1662 జనవరి 28, మంగళవారం

థామసిన్ ఈ రోజు పోయింది. పొద్దున రెండు చెంచాల జావ తాగింది. పదింటికి నా చొక్కాకు బొత్తాం కుట్టింది. దారం కొరకలేకపోయింది. నేను కొరికాను. రాజుగారికి ఇవ్వాల్సిన పిటిషన్ చదివి వినిపించమంది. "నేస్‌బీ యుద్ధంలో తమ తండ్రిగారి పక్షాన పోరాడి కుడి మోకాలు విరగ్గొట్టుకున్న నేనూ, నా భార్యా..." అన్నచోట ఆపి, అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయాల్సింది అంది. మూడింటికి ఊపిరి ఆగింది. వాన.

జనవరి 30

పూడ్చాం. ఇప్పటి రాజుగారి తండ్రి తల నరికిన రోజు కనుక ఊరంతా ఉపవాసం. నేనెవరి కోసం తినలేదో ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

రాజుగారు ప్రార్థనకు వెళ్ళే గ్యాలరీలో మా వరస. పార్లమెంటుతో యుద్ధంలో చేతులు పోయినవాళ్ళం, కళ్ళు పోయినవాళ్ళం. ఆయన పరదేశం నుంచి తిరిగొచ్చి రెండేళ్ళవుతోంది. వరస తగ్గలేదు. పిటిషన్ మోకాళ్ళ మీద నిలబడి ఇవ్వాలి. నా కుడి మోకాలు వంగదు. ఇన్నాళ్ళూ థామసిన్ మోచెయ్యి పట్టుకుని దించేది, లేపేది.

నాతోపాటు నేస్‌బీలో గాయపడ్డ ఒంటిచేతి ఆంబ్రోస్, ఏం పంతులూ, వదిన ఏదీ, నీ ఆక్స్‌ఫర్డ్ లాటిన్ వినలేక పుట్టింటికి పారిపోయిందా అన్నాడు. జ్వరమన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. అయితే నా చెయ్యి పట్టుకుని దిగు, మళ్ళీ జాగ్రత్తగా తిరిగిచ్చెయ్, నాకింకోటి లేదు అన్నాడు. అతని భార్య సిసిలీ పగలబడి నవ్వింది.

దిగాను. తల వంచుకునే ఉన్నాను. కాగితం ఎవరో తీసుకున్నారు.

ఫిబ్రవరి 6

వీధిలో ఆమె నడిచే గోడ వైపు ఇంకా చోటు వదిలి నడుస్తున్నాను.

ఫిబ్రవరి 10

ఉద్యోగం వచ్చింది. పదిహేడేళ్ళకు.

రాజుగారి జింకల వనంలో గేటు కాపలా. రెండు గదులు, కట్టెలు, ఏడాదికో కోటు. ఆ పని దంపతులకే ఇస్తారట. మగవాడు కంచె వెంట తిరగడానికి వెళ్తే ఆడమనిషి గేటు తీయాలి. నీ కాలు చూసి కాదయ్యా, కాగితంలో భార్య అన్న మాట చూసి ఎంచాం, ఎల్లుండి పొద్దున ఆవిణ్ణి వెంటబెట్టుకు రా, ఇద్దరూ ప్రమాణం చేద్దురుగాని అన్నాడు క్లర్కు. రాకపోతే అన్నాను. రాకపోతే మానెయ్, నీ వెనక ముప్పైమంది ఉన్నారు అన్నాడు.

వస్తామన్నాను.

ఫిబ్రవరి 11

ఉద్యోగం సంగతి ఆంబ్రోస్‌కు తెలిసిపోయింది. వీధి చివర నుంచే అరిచాడు, పంతులూ, జింక తొడ ఒకటి మా ఇంటికి పంపకపోయావో, ఆ రెండో మోకాలు నేను విరగ్గొడతానని. అతని పిటిషన్ మళ్ళీ తిరిగొచ్చింది. అయినా అరిచాడు. రేపటి నుంచి నలభై రోజుల ఉపవాసాలు, గుడ్లు ముట్టకూడదు కదా, సిసిలీ గుడ్లన్నీ పగలగొట్టి అట్లు పోసింది. వాటిలో నాలుగు గుడ్డలో చుట్టి, థామసిన్‌ను వేడిమీద తినమను, జ్వరం నోటికి బావుంటాయి అంది.

తెచ్చాను. బల్ల మీద పెట్టాను.

అదే రోజు, సాయంత్రం

అట్లు చల్లారాయి. పోయిందన్న మాట నా నోటితో ఇంతవరకు అనలేదు. రేపు పొద్దున క్లర్కు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళి, థామసిన్ పోయిందని చెబుతాను.