పంట అమ్మాక ఇస్తానన్న పాట

రేపల్లె,
అక్టోబరు 1991

సంజీవరావు బావకు,

తెనాలిలో నీ ఉపన్యాసం గురించి పేపర్లో చదివాను. ప్రభుత్వం ఆదాయానికి మించి ఖర్చు పెట్టకూడదని రాజ్యాంగంలోనే రాయాలన్నావట. కాలేజీలోనూ ఇంతే, తప్పు వాదనకే చప్పట్లు కొట్టించుకునేవాడివి.

నిరుడు తుఫానుకు మన కరకట్ట తెగినప్పుడు ఖజానా ఖాళీ. అప్పు చేసి కట్ట పోశారు కాబట్టే ఈ ఏడు నీ వరిచేను పొట్ట మీదుంది. దుబారా చేస్తే అసెంబ్లీలో నిలదీయమను, ఒప్పుకుంటాను. కట్ట పోసే చేతుల్ని మాత్రం కట్టెయ్యకు.

చర్చిలో కోతపండుగకు కానుకగా వచ్చిన పంటల వేలానికి రా. మనకు మాటల్లేని ఈ నాలుగేళ్లూ మన పోటీ లేక గుమ్మడికాయలు చవగ్గా పోయాయి. "మా బావ మీద ఇంకో పది! డబ్బు పంట అమ్మాక ఇస్తానండీ పాస్టరుగారూ!" అని ఖాళీ జేబుతో అరిచింది నువ్వే. ఆ పాటలతోనే చర్చికి కప్పు పడింది.

ఈసారి నీ పక్కనే కూర్చుని పాట పెంచుతాను.

నీ బావ