నున్నటి బండ మీద నిచ్చెన

అమ్మా, ఇక్కడ అంతా కులాసా అని రాయమని చెప్పి నాన్న పడుకున్నాడు. నేను అలా రాయను. నాన్న నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ప్రాణానికి భయం లేదు, కంగారుపడకు.

ఒక ఇంటి తోటలో పారలూ గునపాలూ పెట్టుకోవడానికి చెక్క గది కడుతున్నాం. కప్పు వెనక్కి వాలుగా వేశాం. చివరి పలకలు కొట్టాలంటే నిచ్చెన కాళ్లు మట్టిలో దిగాలి. అక్కడున్న పూలమడి తొక్కొద్దని ఇంటాయన దాన్ని నున్నటి బండల మీద వేయించాడు. అది పట్టుకుని నిలబడ్డ నన్నేమో గడ్డిలో పడ్డ చెక్కపొట్టు ఎత్తమని పిలిచాడు. నేను అటు తిరిగానో లేదో నిచ్చెన జారింది. ఆ పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి, "మొక్కలకేం కాలేదు కదా" అన్నాడు. నా చేతిలో సుత్తి ఉంది. నాన్న కళ్లతోనే వద్దన్నాడు గనక ఊరుకున్నాను. మర్నాడు నిచ్చెన పూలమడి నట్టనడుమ దింపి కప్పు పూర్తిచేశాను.

చెల్లి దగ్గు తగ్గిందా? వంటింటి గడియ పట్టేస్తే గుంజకండి, నేనొచ్చి చూస్తా.

శనివారం బస్సుకి నాన్న వస్తాడు. చొక్కా గుండీలు నువ్వే పెట్టు, నన్ను పెట్టనివ్వడు. ఆ వేళ్లు ఇక ఉలి పట్టలేవని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. నాన్నకెలా చెప్పాలా అని నేను నలిగిపోతుంటే, ఈ పొద్దున తన పనిముట్ల సంచి తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "పదును పోనివ్వకురా" అన్నాడు. అంచేత నువ్వూ ఏమీ చెప్పనక్కర్లేదు. చెల్లిని అడిగానని చెప్పు. వేళకింత తిను.

నీ పెద్దాడు