నాన్నమ్మ మెడలో పతకం

ఎస్. రాయవరం

దేవీప్రసాద్ గారికి నమస్కారం.

అనకాపల్లిలో మీరు పెడుతున్న పాత పతకాల ప్రదర్శనకి మా నాన్నమ్మ అచ్చియమ్మ పంపిన ఇత్తడి పతకం గురించి మీరు రాసిన చీటీ అందింది. అది 1983 నాటి బెల్లం పోటీ బహుమతి పతకమని సరిగ్గానే గుర్తుపట్టారు. వెనక పిన్ను ఊడదీసి, పైన కొక్కెం అతికించడం వల్ల విలువ సగానికి పడిపోయిందన్నారు. అదీ ఒప్పుకుంటాను. కానీ బెల్లం వండేది మగవాళ్లు కాబట్టి గెలిచింది మా తాతయ్య ఎల్లారావు అయి ఉంటాడని, పతకం పక్కన పెట్టే అట్ట మీద ఆయన పేరే రాస్తామని అన్నారు. అది ఒప్పుకోను.

మీ చీటీ చదివి వినిపిస్తే నాన్నమ్మ నవ్వింది.

"మీ తాత బెల్లం పెనం కాడికొత్తే పొగకి దగ్గుతా పారిపోయేవోడే. పాకం సూసింది నాను. పిన్ను గుచ్చుకోడానికి నాకు సొక్కా జేబుందేటి? అందుకే కంసాలి సేత కొక్కెం ఏయించేను" అంది.

తాతయ్యకి చొక్కాలున్నాయి. పతకం ఆయనదైతే కొక్కెంతో పనే లేదు. నాన్నమ్మ 1996 ఓటరు కార్డు నకలు జతచేశాను. ఫోటోలో ఆమె మెడలో నల్లతాడుకి ఉన్నది ఈ పతకమే.

కొక్కెం తీయిస్తే ధర పెరుగుతుందని కూడా రాశారు. తీయకండి. మేము అమ్మడానికి పంపలేదు. అట్ట మీద అచ్చియమ్మ పేరు రాయలేకపోతే శుక్రవారంలోగా పతకం తిప్పి పంపండి. ఆదివారం నాన్నమ్మ దాన్ని మెడలో వేసుకుని మీ ప్రదర్శనకి వస్తుంది. ఎవరిదని అడిగినవాళ్లకి ఆవిడే చెబుతుంది.

ఇట్లు,
అచ్చియమ్మ మనవరాలు